గోష్ఠిలో మనస్సుల లయ

ఇష్టలింగమును కరస్థలమున నిలుపుకొని, దృష్టినంతయు దానియందే లగ్నముచేసి అర్చించు వీరశైవునకు పదిమందితో కూడిన గోష్ఠితో పనియేమి? దేవుడు అరచేతనే యున్నప్పుడు మఠమునకు నడచిపోవలసిన యగత్యమేమి? ఈ ప్రశ్న నేటి యువకులు మాత్రమే వేయునది కాదు. దేహమునే దేవాలయముగా ఎంచుకొమ్మని బోధించిన బసవేశ్వరుడే కల్యాణమున అనుభవమంటపమును నెలకొల్పి, శరణులనందరిని ఒక్కచోట కూర్చుండబెట్టెనని సంప్రదాయము చెప్పుచున్నది. అర్చన ఏకాంతమున, అనుభవము సమూహమున. ఈ రెండింటికిని పొత్తు ఎట్లు కుదిరినది?

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములలోను, కొల్లేటి లంకలలోను కాపురముండు కుటుంబములకు ఈ ప్రశ్న ఇప్పుడు గడప దాటి ఇంటిలోనికే వచ్చి కూర్చున్నది. 2020లో కరోనా మహమ్మారి ప్రబలినప్పుడు ఊరూరను భజనలు, పురాణశ్రవణములు ఆగిపోయినవి. పలువురు ఫోనులందే ఒకరినొకరు చూచుకొనుచు, ఫోనులందే ప్రవచనములు వినిరి. వ్యాధి తగ్గినది గాని ఆ యలవాటు అనేక గృహములలో నిలిచిపోయినది. మాట వినబడుచునే యున్నదిగదా, మనిషి కనబడుచునే యున్నాడుగదా, బస్సు చార్జీలు పెట్టుకొని పోవుటయేల అని వాదించువారు కలరు. ఈ వాదమును కోపముతో త్రోసివేయుట తగదు. మంచము పట్టిన ముసలితల్లికి, దూరదేశమున నున్న బిడ్డలకు ఫోను చేసిన మేలు చిన్నది కాదు. కాని మనుష్యులు ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనునపుడు వారి మెదళ్ళలో ఏమి జరుగుచున్నదో గత ఇరువది, ఇరువదియైదు సంవత్సరములుగా శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. వారు కనుగొన్న సంగతులు ఈ వాదమునకును, పైప్రశ్నకును కూడ కొంత సమాధానమును చెప్పుచున్నవి.

శాస్త్రమునకు ముందు కొల్లేటినే చూడవచ్చును. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పరచుకొన్న ఈ సరస్సు లోతు తక్కువది. ఇందు దోనెలను గడలు వేసి నడుపుదురు. ఇద్దరు చెరియొక కొనను నిలిచి గడ వేయునపుడు ఒకడు ముందు, ఒకడు వెనుక అయ్యెనా, దోనె మొగము తిరిగిపోవును. వారు లెక్క పెట్టుకొనరు. ఒకరి నొకరు ఆజ్ఞాపించుకొనరు. నాలుగు గడలు పడునప్పటికి ఇద్దరి వీపులును ఒక్కటిగా వంగి ఒక్కటిగా లేచుచుండును. సరస్సు చుట్టునున్న మాగాణులలో దాళ్వా నాట్లు వేయు స్త్రీలను చూడుడు. వరుసగా వంగి, పాట ఎత్తుకొని, అడుగు వెనుకకు అడుగు వేయుచు పోవుదురు. పాట ఆగినచో వరుస వంకర పోవును. కోలాటమున కోలలు తగులుటయు ఇట్టిదే. కన్ను మూసుకొని కొట్టినను ఎదుటివాని కోల అక్కడనే యుండునని కోలాటగాని చేతికి తెలియును. ఇది చేతుల నైపుణ్యమని పెద్దలు అనుకొనిరి. చేతులను నడుపునది మెదడు గనుక ఆ మెదళ్ళ నడుమ ఏమి జరుగుచున్నదని అడుగుటకు నేటి యంత్రములు కావలసివచ్చినవి.

1665లో డచ్చి శాస్త్రజ్ఞుడు హైగెన్స్ ఒకే దూలమునకు వ్రేలాడదీసిన రెండు లోలకపు గడియారములను గమనించెను. వేరువేరుగా ఊగ నారంభించిన లోలకములు కొంతసేపటికి ఒకే లయకు వచ్చినవి. ఒకటి కుడికి పోవునపుడు రెండవది సరిగా ఎడమకు పోవుచుండెను. వాటిని కదలించి లయ చెడగొట్టినను అరగంటలోపల మరల అదే లయను అందుకొనెను. ఒక గడియారము రెండవదానికి మంత్రము వేయలేదు. రెండింటిని మోయుచున్న దూలము మిగుల సూక్ష్మముగా కదలుచు ఒకదాని కదలికను రెండవదానికి అందించినది. ఈ దూలమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. గోష్ఠిలో కూర్చున్నవారి నడుమ దూలమేది అన్నదే అసలు విషయము.

మెదడు విద్యుత్తుతో పనిచేయును. ఆ విద్యుత్తరంగములను తలపై నుంచిన తీగల ద్వారా మనుష్యునియందు మొదటిసారిగా 1924లో గుర్తించినవాడు జర్మనీ దేశపు వైద్యుడు హాన్స్ బెర్గర్. 1929లో ఆయన ఆ సంగతిని ప్రకటించెను. అటుపై డెబ్బదియేండ్లు ఒక తలను, ఒక తలనే పరీక్షించిరి. ఒంటరిగా గదిలో పరుండిన మనుష్యుని మెదడును చూచి మానవుని మెదడు ఇట్టిదని వ్రాసిరి. చేపను ఒడ్డున వేసి ఈతను గూర్చి వ్రాసినట్లే అయినది. 2002లో అమెరికాలోని కొందరు శాస్త్రజ్ఞులు ఇద్దరు మనుష్యులను రెండు యంత్రములలో నుంచి, వారు పరస్పరము ఒక ఆట ఆడుచుండగా రెండు మెదళ్ళను ఏకకాలమున పరీక్షించు పద్ధతిని ప్రకటించిరి. అప్పటినుండి ఈ త్రోవలో పరిశోధనలు పెరిగినవి.

వానిలో ధర్మబోధకులు తప్పక తెలిసికొనవలసినది 2010లో అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించినది. ఒక స్త్రీ తన జీవితములోని ఒక కథను, ముందుగా సాధన చేయకయే, చెప్పుచుండగా ఆమె మెదడును యంత్రము నమోదు చేసినది. ఆ కథను పిమ్మట పలువురు వినుచుండగా వారి మెదళ్ళను నమోదు చేసిరి. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడగా, చెప్పినయామె మెదడులో ఏయే తావులందు ఏ క్రమమున చలనము కలిగినదో, వినినవారి మెదళ్ళయందును ఇంచుమించు ఆ తావులందే, ఆ క్రమముననే చలనము కలిగినది. సాధారణముగా వినువాని మెదడు చెప్పువాని మెదడునకు కొంచెము వెనుకగా నడచును. ఇది ఎవరైన ఊహింపగలరు. ఆశ్చర్యమేమనగా, కొన్ని భాగములలో వినువాని మెదడు చెప్పువానికంటె ముందుగా నడచినది! రాబోవు మాటను అది ముందే ఎదురుచూచుచున్నదన్నమాట. తరువాత పరీక్ష పెట్టి అడుగగా, ఎవరి మెదడు ఎక్కువగా ముందు నడచినదో వారికే కథ బాగుగ అర్థమైనట్లు తేలినది.

ఇంకొక అంశము కలదు. వారికి రానట్టి రష్యా భాషలో చెప్పిన కథను వినిపించినప్పుడు ఈ కలయిక లేకపోయినది. చెవులు వినినవి, ధ్వని లోనికి పోయినది, ఐనను ఒక మనస్సు నడక ఇంకొక మనస్సునకు అందలేదు.

ఈ శోధనలేమియు లేని కాలమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును జానుతెనుగున, ద్విపదలో రచించెను. ఉద్దండములైన గద్యపద్యములకంటె సర్వసామాన్యమైన జానుతెనుగు ఎల్లరకు ఇంపగునని ఆయనయే చెప్పుకొనెను. సంస్కృతమున రచింపలేక కాదు. సంస్కృతమున ఆయనకున్న అధికారము ఎవ్వరెరుగనిది? దున్నువాడు, నేయువాడు, నీరుమోయునది వినవలసిన కథను వారు ఊపిరి తీయు భాషలోనే చెప్పవలెనని ఆయన నిశ్చయము. కల్యాణమున శరణులు వచనములను కన్నడమున పలుకుటకును ఇదియే కారణము. తెలుగు బసవపురాణము నచ్చిన కన్నడులు దానిని అట్లే పఠింపక, 1369లో భీమకవిచేత కన్నడమున వ్రాయించుకొని తమ జనులకు తమ పలుకుననే వినిపించుకొనిరి. మన మఠములందు ఈ సంగతిని మరచుచున్నారేమో ఆలోచింపవలెను. తెలుగు పిల్లలు కూర్చున్న సభలో అర్థము చెప్పక కన్నడ వచనములను వరుసగా చదివి ముగించినను, సంస్కృత శ్లోకములను ధారాళముగా వల్లించి దిగిపోయినను, ఆ పిల్లల చెవులకది ప్రిన్‌స్టన్ వారి రష్యా కథయే. పిల్లలకు శ్రద్ధ లేదని పిమ్మట నిందించుట న్యాయము కాదు. మూలమును చదువుడు, తప్పక చదువుడు. కాని ఒక వచనము చదివినచో నాలుగు నిమిషములు తేట తెలుగున దానిని విప్పవలెను.

వినువాని మెదడు ముందుగా నడచుటను గూర్చి ఇంకను చెప్పవలసియున్నది. తెలిసిన కథనే మరల మరల ఎందుకు వినవలెనని చదువుకొన్నవారు విసుగుకొందురు. బెజ్జమహాదేవి కథ, మాదర చెన్నయ్య కథ ఎన్నిసార్లు వినలేదు? కాని తెలిసిన కథను వినువాడు చెప్పువానికంటె అడుగు ముందుండి, రాబోవు ఘట్టమునకై నిలిచియుండును. చెప్పువాడు ఆ ఘట్టమునకు రాగానే ఇద్దరును అక్కడ కలిసికొందురు. పురాణశ్రవణమున కన్నీరు వచ్చునది ఆ కలిసికొన్న తావుననే. కొత్త వార్తకు ఉలికిపాటు కలుగును గాని ఈ కన్నీరు రాదు.

మన జంగమకథయే ఈ సూత్రముపై నిలిచిన కళ. జంగములు తంబుర మీటుచు శివకథలు చెప్పుచు ఊరూర తిరిగెడివారు; ప్రక్కన వంత పాడువారు డక్కీలు వాయించుచు పల్లవి అందుకొనెడివారు. ఆ కళనుండియే బుఱ్ఱకథ వచ్చినదని పండితులందురు. బుఱ్ఱకథయందు కథకుడు నడుమ నిలుచును, ఇరుప్రక్కల ఇద్దరు వంతలు. ఒకడు హాస్యము, ఒకడు రాజకీయము చెప్పును. పైకి చూచినచో వంతలు కథకునకు ఊపిరి తీసుకొను వ్యవధి నిచ్చువారు మాత్రమే. నిజమునకు వారు సభకు ప్రతినిధులు. సభ అడుగవలసిన ప్రశ్న వంత అడుగును, సభ అనవలసిన ఔరా వంత అనును; ఆ క్షణమున వేయిమంది మనస్సులును వంత నోట పలుకును. ఇక ఇంటిలో పిల్లలకు కథ చెప్పు అవ్వ ఏమనును? ఊకొట్టిననే గాని కథ సాగదనును. ఊకొట్టుట యనగా నీ మనస్సు నా వెంట వచ్చుచున్నదని సాక్ష్యమిచ్చుట. ఊ ఆగినచో బిడ్డ నిద్రించినదని అవ్వకు తెలియును. అంతకంటె మంచి యంత్రము ఏ విశ్వవిద్యాలయమునందును లేదు!

వీరభద్రుని సంబరములలో ఖడ్గము చదువునపుడు శరభ, అశ్శరభ యని చుట్టునున్నవారందరును ఒక్క గొంతుకతో అందుకొనుట గోదావరి మండలములవారు చూచియే యుందురు. చదువువాని పాదము ముగియు చోటును గుంపులోని ప్రతివానికిని శరీరము తెలిసికొనును. వీరణము మ్రోగుచుండ అడుగులు వేయువానిని, ప్రక్కన నిలిచి చూచువానిని వేరుచేయుట కష్టము.

పాండితారాధ్యచరిత్రలోని పర్వతప్రకరణమున సోమనాథుడు శివరాత్రికై శ్రీశైలమునకు పోవు యాత్రికులను వర్ణించెను. తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, ఆనందపదములు, శంకరపదములు, నివాళిపదములు, వెన్నెలపదములు, ఇట్లు వారు పాడు పాటల పేర్లను ఆయన లెక్కించినాడు. సాహిత్యచరిత్రకారులకు అది దేశికవితా భాండారము. భక్తునకు ఇంకొక సంగతి తోచును. నల్లమల అడవి, ఎత్తైన కొండ, నడక, ఉపవాసము. ఇన్నింటిని దాటుటకు యాత్రికులకున్న సాధనము ఒక్కటిగా పాడు పాట. 2013లో స్వీడను దేశమున గొతెన్‌బర్గు పరిశోధకులు బృందగానము చేయు యువజనుల గుండెలను పరీక్షించిరి. పాటలోని పాదమును బట్టి అందరును ఒకేసారి ఊపిరి తీసి ఒకేసారి విడుచుచుందురు గనుక, ఊపిరితోపాటు గుండె వేగము కూడ అందరిలో ఒక్కటిగా హెచ్చుచు తగ్గుచు నుండినట్లు వారు చూచిరి. 2001లో ఇటలీ దేశపు వైద్యులు క్రైస్తవుల జపమాల ప్రార్థనను, బౌద్ధుల ఓం మణి పద్మే హుం మంత్రమును పలికించి చూడగా, రెండింటియందును శ్వాస నిమిషమునకు ఇంచుమించు ఆరుసార్లకు దిగివచ్చినది. మతములు వేరు, భాషలు వేరు, ఊపిరి ఒక్కటి. ఆ పరీక్ష పంచాక్షరిపై చేసినది కాదు. కనుక పంచాక్షరికి ఆ లెక్కను అంటగట్టరాదు. ఐనను తాళము వేయుచు నెమ్మదిగా పంచాక్షరీ భజన చేయువారికి ఊపిరి ఎట్లు నిలకడ పొందునో వారికే తెలియును.

జర్మనీలో 2009లో ఎనిమిది జతల గిటారు వాద్యకారులను పరీక్షించిన సంగతి ఇక్కడనే చెప్పవలెను. ఒకే రాగమును ఇద్దరు కలిసి వాయించునపుడు వారి మెదడు తరంగములు కలిసి నడచినవి. వాయింపక ముందు, తాళము సరిచూచుకొని ఎత్తుకొనబోవు క్షణముననే ఈ కలయిక మొదలైనది. భజన ఎత్తుకొనుటకు ముందు పెద్దలు ఒకరి మొగము ఒకరు చూచుకొని తల యాడించుట ఇందులకే కాబోలు.

ఉపాధ్యాయులకు పనికివచ్చు ఒక పరిశోధన 2017లో వెలువడినది. న్యూయార్కు నగరమున ఒక హైస్కూలు తరగతిలోని 12 మంది విద్యార్థుల తలలకు చిన్న యంత్రములు తొడిగి, 11 తరగతులలో వారి మెదడు తరంగములను నమోదు చేసిరి. పాఠమునందు మనస్సు నిలిచినవారి తరంగములు తరగతిలోని తక్కినవారి తరంగములతో ఎక్కువగా కలిసినవి. పాఠము మొదలగుటకు ముందు ఇద్దరు విద్యార్థులను రెండు నిమిషములపాటు ఎదురెదురుగా కూర్చుండబెట్టి ఒకరినొకరు చూచుకొనుమనిరి. అట్లు చూచుకొన్న జంట, తరువాత పాఠము వినునప్పుడు, తక్కిన జంటలకంటె ఎక్కువగా ఒకరితో నొకరు కలిసి నడచినది. రెండు నిమిషముల చూపు ఆ తరగతి అంతటికిని సరిపోయినది. గోష్ఠికి ఆలస్యముగా వచ్చి, వెనుక వరుసలో చేరి, ముగియకముందే లేచిపోవువారికి దక్కనిది ఈ చూపే.

ఇప్పుడు ఫోను సంగతి. 2022లో ఇజ్రాయేలు దేశపు శాస్త్రజ్ఞులు 62 మంది తల్లులను, పదినుండి పదునాలుగేండ్ల ప్రాయపు వారి బిడ్డలను పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. తల్లీబిడ్డలు ఒకే గదిలో ఎదురెదురుగా మాటలాడునప్పుడును, వేరువేరు గదులనుండి తెరమీద చూచుకొనుచు మాటలాడునప్పుడును వారి మెదళ్ళను పోల్చిచూచిరి. ఎదురెదురుగా నున్నప్పుడు రెండు మెదళ్ళ నడుమ తొమ్మిది చోట్ల అనుబంధము కనబడినది. తెరమీద ఒక్కచోటనే కనబడినది. కన్నతల్లికి, కన్నబిడ్డకు నడుమనే తొమ్మిది ఒక్కటి అయినచో, గురువునకు శిష్యునకు, జంగమునకు భక్తునకు నడుమ ఎంత మిగులునో ఊహింపవచ్చును. శూన్యము కాదు, ఒకటి మిగిలినది. కాబట్టి మంచము పట్టిన తల్లికి ఫోను మానిపింపవలసిన పని లేదు. కాళ్ళు చక్కగా నున్నవాడు ఆ ఒకటితో సరిపెట్టుకొనుటయే చింతింపదగినది. తెరపై చూపు చూపును కలియదు. యంత్రపు కన్ను ఒకచోట, మనిషి కన్ను ఇంకొకచోట నుండును. మాట రెప్పపాటు ఆలస్యముగా వచ్చును. ప్రక్కవాని ఊపిరి వినబడదు. హైగెన్స్ గడియారములను కలిపిన దూలము ఇక్కడ విరిగినది.

ఇంతవరకు చెప్పినదంతయు కలయికలోని మేలు. శాస్త్రము చూపిన ఇంకొక ముఖము కలదు, అది మన సమాజమునకు ముల్లువలె గ్రుచ్చుకొనునది.

స్పెయిను దేశమున సాన్ పెద్రో మన్రికె అను చిన్న ఊరిలో ఏటేట జూన్ నెలలో రాత్రివేళ నిప్పులమీద నడచు ఉత్సవము జరుగును. మన వీరభద్రుని అగ్నిగుండము వంటిదే. 2011లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో నిప్పులు తొక్కువారి గుండెలను, కూర్చుండి చూచువారి గుండెలను ఒకేసారి నమోదు చేసిరి. నిప్పులు తొక్కువాని గుండె ఎట్లు కొట్టుకొన్నదో, కదలక కూర్చున్న వాని బంధుమిత్రుల గుండెయు అట్లే కొట్టుకొన్నది. కాని పరవూరినుండి వేడుక చూడవచ్చినవారి గుండెలు అట్లు కలియలేదు. చూపు ఒక్కటే, నిప్పు ఒక్కటే, డప్పు ఒక్కటే. నావాడు అనుకొన్నవానికే గుండె కలిసినది.

అనగా నావాడు అను భావము దూలములో నొక భాగము. కులము, బంధుత్వము గీచిన గీతకు లోపలనే మానవహృదయము సహజముగా కలియునన్నమాట. ఇది మనుష్యుని స్వభావమని చెప్పి ఊరకుండవచ్చును. బసవేశ్వరుడు ఊరకుండలేదు. వచ్చినవానిని నీవెవడవని అడుగక తనవానిగా ఎంచుకొనవలెనని ఆయన బోధ. అనుభవమంటపమున ఎవరెవరు కూర్చుండిరో చూడుడు: పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, త్రాళ్ళు పేను నులియ చందయ్య, గంపలల్లు మేదర కేతయ్య, రాజ్యము విడిచివచ్చిన విరక్తులు, అక్కమహాదేవి వంటి స్త్రీలు, శూన్యసింహాసనమున అల్లమప్రభువు. పుట్టుకచేత ఒకరికొకరు పరాయివారైనవారిని దినదినము ఎదురెదురుగా కూర్చుండబెట్టి, ఒకే భాషలో మాటలాడించి, ఒకే పంక్తిని భుజింపజేసి, వారి గుండెలలో నావాడు అను భావమును కొత్తగా పుట్టించుటయే అక్కడ జరిగినది. కొల్లేటి దోనెగాడు చౌడయ్యను తనవాడనుకొనుటకు ఇంతకంటె ఏమి కావలెను?

ఆ పనికి చెల్లించిన వెల తక్కువది కాదు. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు, బ్రాహ్మణకులమున పుట్టిన మధువరసుని కుమార్తెకు శరణులు వివాహము నిశ్చయించినందుకు ఆ తండ్రులిద్దరిని బిజ్జలుడు క్రూరముగా చంపించెనని, కల్యాణము అల్లకల్లోలమైనదని, శరణులు చెదరిపోయిరని చరిత్ర. గోష్ఠిలో కలిసిన గుండెలు గోష్ఠి వెలుపల కలియగూడదని లోకము పట్టుబట్టినది. నేడు మనలో మనమే శాఖలుగా, ఉపశాఖలుగా విడి, ఒకరి మఠమునకు ఒకరు పోక, ఒకరి పంక్తిని ఒకరు కూర్చుండక యున్నచోట్ల పట్టుబట్టుచున్నది ఎవరు?

ఇక రెండు హెచ్చరికలు చేయక తప్పదు. మొదటిది ఉత్సాహవంతులకు. రెండు మెదళ్ళు కలిసి నడచినవన్నంతమాత్రమున ఒక తలనుండి ఇంకొక తలకు ఏదో శక్తి ఆకాశమార్గమున పోయినదని అనుకొనరాదు. మాట, చూపు, ఊపిరి, తాళము, స్పర్శ, వీని ద్వారానే ఒకరి నడక ఇంకొకరికి అందుచున్నది. ఒకే ధ్వని విన్నంతమాత్రముననే ఇద్దరి మెదళ్ళలో కొంత పోలిక కలుగును; కనుకనే ఎన్నడును కలిసి మాటలాడని ఇద్దరి లెక్కలను కూడ జతచేసి పోల్చిచూచి, అంతకు మించిన కలయికనే శాస్త్రజ్ఞులు లెక్కలోనికి తీసికొందురు. లింగాంగ సామరస్యమునకు ఇదియే శాస్త్రప్రమాణమని వేదికలపై చెప్పువారు రేపు బయలుదేరవచ్చును. అది వేరు, ఇది వేరు. షట్‌స్థలములలో ఐక్యస్థలమును కొలుచు యంత్రము లేదు, రాబోదు. ఇక్కడ తేలినది భక్తుడు భక్తునితో కూర్చుండుటవలన కలుగు ఫలము మాత్రమే.

రెండవ హెచ్చరిక ఏలూరువారికి అనుభవముననే తెలిసినది. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున జనులు ఉన్నట్టుండి కన్నులు తిరిగి, మూర్ఛలువచ్చి పడిపోయిరి. కొలది దినములలో 600 మందికి పైగా బాధితులైరి, ఒకరు మరణించిరి. ఇందరికి ఒకేసారి ఇట్లగుటను చూచి, ఇది మనోభ్రాంతి, ఒకరిని చూచి ఒకరు పడిపోవుచున్నారని తలచినవారును ఉండిరి. ఢిల్లీ, నాగపూరు, హైదరాబాదు మొదలగు చోట్ల సంస్థలు నీటిని, రక్తమును, కూరగాయలను పరీక్షించినవి. కొందరి రక్తమున సీసము కనబడినది. తుదకు పురుగుమందుల అవశేషములే ప్రధానకారణముగా తోచుచున్నవని ప్రభుత్వమునకు నివేదించిరి. ఆ కష్టమున పడిన తల్లిని పట్టుకొని నీది భ్రాంతి యన్నచో ఎంత పాపము! ఒకే కాలమున పదిమందికి జరిగినదెల్లను మనస్సుల కలయిక కాదు. విషమును విషమని, మనస్సును మనస్సని వేరుచేయు వివేకము భక్తునకు ఉండవలెను. అట్లే మనస్సులు నిజముగా కలిసినను అది మంచికే యని నియమము లేదు. గ్రామమున ఎవనినో దొంగయని పట్టి కొట్టు గుంపులోను గుండెలన్నియు ఒక్కటిగానే కొట్టుకొనును. అనుభవమంటపమున పాట మాత్రమే యుండలేదు, ప్రశ్న కూడ యుండెను. అక్కమహాదేవి వచ్చినప్పుడు అల్లమప్రభువు ఆమెను పొగడి కూర్చుండబెట్టలేదు. కఠినములైన ప్రశ్నలు వేసెను, ఆమె బదులు చెప్పెను, సభయంతయు వినెను. పాటలో కలిసి, ప్రశ్నలో విడివడి, మరల కలియు సభకే గోష్ఠియని పేరు.

కాబట్టి ఈ శివరాత్రికి జాగరణ చేయ దలచిన కుటుంబములు కొన్ని ఏర్పాట్లు చేసికొనవచ్చును. పట్టిసీమకు పోవువారు పోవుదురు. గోదావరి నడుమ వీరభద్రుని సన్నిధిని పడవ దిగిన వేలమంది నడుమ ఈ యేర్పాట్ల యవసరముండదు. ఊరిలోనే యుండువారు వరుసలుగా కాక వలయముగా కూర్చుండవలెను. ప్రక్కవాని వీపు కాక ఎదుటివాని మొగము కనబడును. గంట వాయించుటకు ముందు రెండు నిమిషములు మాటలాడక ఒకరినొకరు చూచుకొనవలెను. నవ్వు వచ్చినచో రానిండు, పిల్లలకు తప్పక వచ్చును. ఫోనులను గుమ్మము దగ్గర గంపలో నుంచి రావలెను. రాలేని ముసలివారికొరకు ఒక్క ఫోను వలయము నడుమ పీటమీద నుంచవలెను. బసవపురాణమునుండి ఒక్క కథ, తెలిసిన కథయే, ద్విపద చదివి తెలుగున చెప్పవలెను. ఊకొట్టుటకు పదేండ్లలోపు పిల్లను ఒకతెను నియమింపవలెను. కొత్తగా వచ్చినవారు, పరశాఖవారు, పరకులమువారు ఎవరైన గుమ్మము దగ్గర నిలిచియున్నచో వారిని వెనుక కూర్చుండనీయక, ఇంటి పెద్దకు సరిగా ఎదుటనే చోటు చూపవలెను. అర్ధరాత్రి లింగోద్భవ కాలమున ఎవరి లింగమును వారు కరస్థలమునకు తెచ్చుకొని, ఎవరికి వారు కన్నులు నిలిపి అర్చించుకొందురు. అప్పుడు మాట యుండదు. వలయము మాత్రము అట్లే యుండును.